సాంఖ్యక శాస్త్రము - ప్రాథమిక భావనలు

సాంఖ్యక శాస్త్రము అనగా సంఖ్యల రూపములో ఉన్న సమాచారాన్ని సేకరించి, క్రమపరచి, విశ్లేషించి, దాని ఆధారముగా తగిన నిర్ణయాలకు రావడానికి ఉపకరించే శాస్త్రము. దీనిని గణాంక శాస్త్రము అని కూడా అంటారు. ఆంగ్లములో దీని పేరు స్టాటిస్టిక్స్. ఉన్నత పాఠశాల గణితములో సగటు, మధ్యగతము, బాహుళకము, పౌనఃపున్య పట్టికలు, రేఖాచిత్రాలు ఈ శాస్త్రము క్రిందకే వస్తాయి.

ఈ వ్యాసములో ఈ భావనలను కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఉదాహరణలతో వివరించడమైనది. జనాభా సంఖ్యలు 2011 జనగణనకు చెందినవి. మార్కులు, పొలాల దిగుబడులు మాత్రము లెక్క సులభముగా ఉండేందుకు ఊహించి తీసుకున్నవి.

సగటు కట్టడము అందరికీ తెలిసిన పని. కాని సగటు ఒక్కటే తెలిసినంత మాత్రాన విషయము పూర్తిగా తెలిసినట్లు కాదు. ఆ సగటును దేని నుండి కట్టారు, ఎలా కట్టారు, విలువలు దానికి ఎంత దగ్గరగా లేక దూరముగా ఉన్నాయి అన్నవి కూడా తెలియాలి. పంట బీమా పరిహారము వంటి నిర్ణయాలు సగటుల మీదనే ఆధారపడతాయి కనుక ఈ భేదము పరీక్షల కొరకు మాత్రమే నేర్చుకోవలసినది కాదు.

చరిత్ర

రాజ్యపాలనకు లెక్కలు అవసరము. కౌటిల్యుని అర్థశాస్త్రములో గ్రామాలలోని కుటుంబాలను, వారి వృత్తులను, పశువులను లెక్కించి వ్రాసే గోపుడు అనే ఉద్యోగి ప్రస్తావన కలదు. స్టాటిస్టిక్స్ అనే మాట కూడా రాజ్యము అనే అర్థమున్న పదము నుండి వచ్చినదే. 18వ శతాబ్దములో జర్మనీలో రాజ్యాల వివరాలను వర్ణించే విద్యకు ఈ పేరు వాడుకలోకి వచ్చినది.

భారతదేశములో మొదటి జనగణన 1872లో పూర్తయినది. అయితే అది దేశమంతటా ఒకే సమయములో జరిగినది కాదు. ఒకే సమయములో జరిగిన మొదటి జనగణన 1881 నాటిది. అప్పటి నుండి 2011 వరకు పదేళ్ళకొకసారి క్రమము తప్పకుండా జరిగినది. 2021లో జరగవలసినది వాయిదా పడగా, 2027 మార్చి 1వ తేదీని ఆధార తేదీగా తీసుకుని జనగణన చేయనున్నట్లు కేంద్ర ప్రభుత్వము 2025లో ప్రకటించినది.

భారతదేశములో ఆధునిక సాంఖ్యక శాస్త్రానికి పునాది వేసినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించారు. ఆయన జన్మదినమైన జూన్ 29ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవముగా జరుపుతున్నారు.

దత్తాంశము

ఒక విషయము గురించి సేకరించిన సంఖ్యల సముదాయాన్ని దత్తాంశము అంటారు. ఇది రెండు రకములు.

* ప్రాథమిక దత్తాంశము: పరిశీలకుడు స్వయముగా సేకరించినది. ఉదాహరణకు ఒక విద్యార్థి తన తరగతిలోని వారందరినీ అడిగి, బడికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతున్నదో వ్రాసుకోవడము.
* గౌణ దత్తాంశము: ఇతరులు సేకరించి ప్రచురించిన దానిని వాడుకోవడము. జనగణన నివేదికలోని సంఖ్యలను మనము వాడుకున్నప్పుడు అది మనకు గౌణ దత్తాంశము.

2011 జనగణన ప్రకారము మూడు పట్టణాల జనాభా ఇది.

తెనాలి: 1,64,937
బాపట్ల: 70,777
రేపల్లె: 50,866
మొత్తము: 2,86,580

గౌణ దత్తాంశాన్ని వాడేటప్పుడు అది ఏ తేదీకి, ఏ సరిహద్దులకు సంబంధించినదో తప్పక చూడాలి. 2011లో ఈ మూడు పట్టణాలూ గుంటూరు జిల్లాలోనివి. అప్పటి గుంటూరు జిల్లా జనాభా 48,87,813. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. పల్నాడు ప్రాంతము కూడా వేరు జిల్లా అయినది. కనుక గుంటూరు జిల్లా అనే పేరు అదే అయినా, 2022కు ముందు లెక్కనూ తరువాతి లెక్కనూ పక్కపక్కన పెట్టి జిల్లా జనాభా తగ్గిపోయినదని చెప్పడము పొరపాటు. తగ్గినది జనము కాదు, జిల్లా విస్తీర్ణము.

కేంద్రీయ స్థాన కొలతలు

దత్తాంశములోని విలువలన్నిటికీ ప్రతినిధిగా నిలబడే ఒకే విలువను కేంద్రీయ స్థాన కొలత అంటారు. పాఠశాల స్థాయిలో మూడు కొలతలు నేర్పుతారు.

అంకమధ్యమము

దీనినే సగటు, సరాసరి అని వాడుకలో అంటారు. విలువలన్నిటినీ కూడి, వాటి సంఖ్యతో భాగిస్తే అంకమధ్యమము వస్తుంది.

పై మూడు పట్టణాల సగటు జనాభా = 2,86,580 ÷ 3 = 95,527 (సుమారుగా).

ఇక్కడ ఒక విశేషమును గమనించవలెను. ఈ మూడింటిలో 95 వేల జనాభా గల పట్టణము ఒక్కటీ లేదు. తెనాలి జనాభా అంతకంటే చాలా ఎక్కువ, మిగిలిన రెండింటి జనాభా అంతకంటే చాలా తక్కువ. ఒక్క పెద్ద విలువ సగటును తన వైపునకు లాగివేసినది. సగటు జనాభాను బట్టి మూడు పట్టణాలకూ ఒకే పరిమాణములో మంచినీటి ట్యాంకు కట్టిస్తే తెనాలిలో నీరు చాలదు, రేపల్లెలో ట్యాంకు సగము ఖాళీగా ఉంటుంది.

మధ్యగతము

విలువలను ఆరోహణ క్రమములో గాని అవరోహణ క్రమములో గాని వ్రాసినప్పుడు సరిగ్గా మధ్యలో ఉండే విలువను మధ్యగతము అంటారు. విలువల సంఖ్య సరిసంఖ్య అయితే మధ్యనున్న రెండు విలువల సగటు మధ్యగతము అవుతుంది.

50,866, 70,777, 1,64,937 అనే క్రమములో మధ్య విలువ 70,777. అంటే బాపట్ల జనాభాయే ఇక్కడ మధ్యగతము. తెనాలి జనాభా రెండింతలు అయినదనుకున్నా సగటు పెరుగుతుంది గాని మధ్యగతము మారదు. మిగిలిన వాటికంటే మరీ పెద్దవి లేక మరీ చిన్నవి అయిన విలువలు ఉన్నచోట మధ్యగతము మంచి ప్రతినిధి. కుటుంబాల ఆదాయాలు, భూముల విస్తీర్ణాలు వంటి వాటిని మధ్యగతముతో చెప్పడానికి కారణము ఇదే.

బాహుళకము

దత్తాంశములో ఎక్కువసార్లు వచ్చిన విలువను బాహుళకము అంటారు. ఒక చెప్పుల దుకాణములో ఒకనాడు అమ్ముడైన పది జతల సైజులు 6, 7, 7, 8, 8, 8, 8, 9, 9, 10 అనుకుందాము. బాహుళకము 8. దుకాణదారుకు కావలసినది ఇదే. సైజుల సగటు కూడా 8కే వచ్చినది గాని, అది 7.6 అని వచ్చినా ఆ సైజు చెప్పులు ఎవరూ తయారు చేయరు. దత్తాంశములో ఏ విలువా రెండోసారి రాకపోతే దానికి బాహుళకము ఉండదు. మూడు పట్టణాల జనాభాలో బాహుళకము లేదు.

భారిత సగటు

సగటులకు మళ్ళీ సగటు కట్టడము విద్యార్థులే కాక పెద్దలు కూడా తరచు చేసే పొరపాటు. 2011 జనగణన ప్రకారము,

తెనాలి: పురుషులు 81,427; స్త్రీలు 83,510; ప్రతి 1000 మంది పురుషులకు 1026 మంది స్త్రీలు.
బాపట్ల: పురుషులు 34,385, స్త్రీలు 36,392, ప్రతి 1000 మంది పురుషులకు 1058 మంది స్త్రీలు.

రెండు పట్టణాలనూ కలిపి చూస్తే నిష్పత్తి ఎంత? 1026, 1058ల సగటు 1042 అని చెప్పాలనిపిస్తుంది. కాని అది సరికాదు. రెండు పట్టణాలలోని స్త్రీలు మొత్తము 1,19,902 మంది, పురుషులు 1,15,812 మంది. నిష్పత్తి 1000కి 1035 మాత్రమే. తెనాలి పెద్ద పట్టణము కనుక ఉమ్మడి నిష్పత్తి తెనాలి నిష్పత్తికి దగ్గరగా జరిగినది. ఇలా ఒక్కొక్క విలువకు దాని పరిమాణాన్ని బట్టి ప్రాధాన్యమిచ్చి కట్టే సగటును భారిత సగటు అంటారు. ఒక పాఠశాలలో రెండు విభాగాల ఉత్తీర్ణతా శాతాలను కలిపేటప్పుడు కూడా, రెండింటిలో విద్యార్థుల సంఖ్య సమానము కాకపోతే, ఇదే పద్ధతిని పాటించాలి.

పౌనఃపున్య విభాజనము

విలువలు చాలా ఉన్నప్పుడు వాటిని తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతిలో ఎన్ని విలువలు పడినవో లెక్కిస్తారు. ఆ లెక్కను పౌనఃపున్యము అంటారు. 50 మార్కుల పరీక్షలో 40 మంది విద్యార్థుల మార్కులు ఈ విధముగా ఉన్నాయని అనుకుందాము. ఇందులో ప్రతి తరగతికి ఎగువ హద్దు ఆ తరగతిలో చేరదు. అనగా 20 మార్కులు వచ్చిన విద్యార్థి 20-30 తరగతిలోకి వస్తాడు. చివరి తరగతిలో మాత్రము 50ని కూడా చేర్చుకోవాలి.

0-10: పౌనఃపున్యము 3, సంచిత పౌనఃపున్యము 3
10-20: పౌనఃపున్యము 7, సంచిత పౌనఃపున్యము 10
20-30: పౌనఃపున్యము 14, సంచిత పౌనఃపున్యము 24
30-40: పౌనఃపున్యము 10, సంచిత పౌనఃపున్యము 34
40-50: పౌనఃపున్యము 6, సంచిత పౌనఃపున్యము 40

సగటు: ఒక్కొక్క తరగతి మధ్య విలువను దాని పౌనఃపున్యముతో గుణించి కూడాలి. (5×3) + (15×7) + (25×14) + (35×10) + (45×6) = 1090. దీనిని 40తో భాగిస్తే సగటు 27.25.

మధ్యగతము: 40లో సగము 20. సంచిత పౌనఃపున్యము 20ని మొదట దాటిన తరగతి 20-30. దాని దిగువ హద్దు 20. అంతకు ముందు తరగతులలో ఉన్నవారు 10 మంది. ఇంకా 10 మంది కావాలి. ఈ తరగతిలో 14 మంది 10 మార్కుల వెడల్పులో సమానముగా పరచుకుని ఉన్నారని భావిస్తే, మధ్యగతము = 20 + (10 ÷ 14) × 10 = 27.14. పాఠ్యపుస్తకములోని సూత్రము చెప్పేది ఇదే. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి సూత్రాన్ని కంఠస్థము చేయనవసరము లేదు.

బాహుళకము: ఎక్కువ పౌనఃపున్యము గల తరగతి 20-30. దీనికి ముందు తరగతితో తేడా 14 - 7 = 7. తరువాతి తరగతితో తేడా 14 - 10 = 4. బాహుళకము ఈ తరగతి వెడల్పును 7:4 నిష్పత్తిలో విభజిస్తుంది. బాహుళకము = 20 + (7 ÷ 11) × 10 = 26.36.

ఈ మూడు కొలతల మధ్య బాహుళకము = 3 × మధ్యగతము - 2 × సగటు అనే సంబంధము పాఠాలలో కనిపిస్తుంది. ఇక్కడ దాని ప్రకారము 26.93 వస్తుంది. నేరుగా కట్టిన 26.36కు ఇది దగ్గరగా ఉన్నది గాని సమానము కాదు. ఇది అనుభవము మీద ఏర్పడిన ఉజ్జాయింపు సంబంధమే తప్ప నిరూపించిన సిద్ధాంతము కాదని గుర్తుంచుకోవాలి.

విస్తరణ కొలతలు

విలువలు ఒకదానికొకటి ఎంత దూరముగా చెదిరి ఉన్నాయో తెలిపేవి విస్తరణ కొలతలు. రెండు గ్రామాలలో ఐదుగురేసి రైతుల ఎకరా వరి దిగుబడి, 75 కిలోల బస్తాలలో, ఇలా ఉన్నదనుకుందాము.

మొదటి గ్రామము: 28, 29, 30, 31, 32
రెండవ గ్రామము: 6, 26, 36, 40, 42

రెండు గ్రామాలలోనూ మొత్తము 150 బస్తాలే, సగటు 30 బస్తాలే. సగటు మాత్రమే వ్రాసిన నివేదికలో ఈ రెండు గ్రామాలకూ తేడా కనబడదు. కాని రెండవ గ్రామములో ఒక రైతుకు ఆరు బస్తాలే వచ్చినవి. అతని పొలము పల్లములో ఉండి మునిగి ఉండవచ్చు, లేదా కాలువ చివర ఉండి నీరందక ఎండి ఉండవచ్చు.

వ్యాప్తి: గరిష్ఠ విలువకు, కనిష్ఠ విలువకు గల భేదము. మొదటి గ్రామములో 32 - 28 = 4, రెండవ గ్రామములో 42 - 6 = 36.

ప్రామాణిక విచలనము: దీనిని క్రమ విచలనము అని కూడా అంటారు. దీనిని కట్టే పద్ధతి ఇది.
* ప్రతి విలువ నుండి సగటును తీసివేయాలి. వచ్చినవి విచలనాలు.
* విచలనాలను వర్గము చేసి కూడాలి. వర్గము చేయకపోతే ధన, ఋణ విచలనాలు ఒకదానినొకటి కొట్టివేసుకుని మొత్తము ఎప్పుడూ సున్నాయే వస్తుంది.
* ఆ మొత్తాన్ని విలువల సంఖ్యతో భాగిస్తే విస్తృతి వస్తుంది.
* విస్తృతికి వర్గమూలము కడితే ప్రామాణిక విచలనము వస్తుంది.

మొదటి గ్రామములో విచలనాలు -2, -1, 0, 1, 2. వర్గాల మొత్తము 10, విస్తృతి 2, ప్రామాణిక విచలనము 1.41 బస్తాలు.
రెండవ గ్రామములో విచలనాలు -24, -4, 6, 10, 12. వర్గాల మొత్తము 872, విస్తృతి 174.4, ప్రామాణిక విచలనము 13.21 బస్తాలు.

ప్రామాణిక విచలనాన్ని సగటుతో భాగించి, నూటితో గుణిస్తే విచలనాంకము వస్తుంది. మొదటి గ్రామానికి ఇది 4.7 శాతము, రెండవ గ్రామానికి 44 శాతము. సగటు చెప్పని భేదాన్ని ఈ సంఖ్య చెప్పినది. వ్యాప్తి రెండు చివరి విలువలనే చూస్తుంది, ప్రామాణిక విచలనము విలువలన్నిటినీ చూస్తుంది.

నమూనా సేకరణ, పంట కోత ప్రయోగాలు

అన్ని విలువలనూ సేకరించడము అన్ని వేళలా సాధ్యము కాదు. జనగణనలో ప్రతి ఇంటినీ లెక్కిస్తారు. కాని ప్రతి పొలము దిగుబడినీ తూచడము ప్రభుత్వానికి సాధ్యము కాదు. అందువలన కొన్ని పొలాలను నమూనాగా తీసుకుంటారు. మహలనోబిస్, పాండురంగ వాసుదేవ సుఖాత్మే వంటి శాస్త్రవేత్తల కృషి వలన భారతదేశములో పంట కోత ప్రయోగాలు శాస్త్రీయ పద్ధతిలో స్థిరపడినవి.

వరికి సాధారణముగా ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చదరాన్ని గుర్తించి, అందులోని పంటను కోసి, నూర్చి, తూస్తారు. ఆ చదరము వైశాల్యము 25 చదరపు మీటర్లు. ఒక ఎకరము సుమారు 4047 చదరపు మీటర్లు. కనుక ఎకరములో అటువంటి చదరాలు దాదాపు 162 ఉంటాయి. చదరములో 14 కిలోల ధాన్యము వస్తే ఎకరాకు 2268 కిలోలు, అనగా సుమారు 30 బస్తాలు. తూకములో ఒక్క కిలో తేడా వస్తే ఎకరా లెక్కలో 162 కిలోలు, అంటే రెండు బస్తాలకు పైగా తేడా వస్తుంది. పంట కోత ప్రయోగములో కొలతాడు, త్రాసు సరిగా ఉండాలని పట్టుబట్టడానికి కారణము ఇదే.

పొలాన్ని ఎన్నుకునే పద్ధతి కూడా ముఖ్యమే. రోడ్డు పక్కనున్న పొలాలనే, లేక కాలువ మొదట ఉన్న పొలాలనే తూస్తే సగటు ఎక్కువగా వస్తుంది. మునిగిన పొలాలనే తూస్తే తక్కువగా వస్తుంది. ప్రతి పొలానికీ ఎంపికయ్యే అవకాశము సమానముగా ఉండేటట్లు, చీటీలు తీసిన విధముగా ఎన్నుకోవడాన్ని యాదృచ్ఛిక నమూనా సేకరణ అంటారు. ఎన్నుకునే వ్యక్తి ఇష్టాయిష్టాలకు ఇందులో తావు ఉండదు.

పంట బీమాలో సగటు

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో ప్రధానమైన లెక్క గ్రామము వంటి ఒక ప్రాంతపు సగటు దిగుబడి మీద ఆధారపడుతుంది. గడచిన ఏడేళ్ళలో మంచి దిగుబడి వచ్చిన ఐదేళ్ళ సగటును తీసుకుని, నిర్ణయించిన శాతముతో గుణించి హామీ దిగుబడిని కడతారు. ఆ సంవత్సరపు సగటు హామీ దిగుబడి కంటే తగ్గితే, తగ్గిన మేరకు నిష్పత్తి ప్రకారము పరిహారము వస్తుంది.

ఒక గ్రామములో ఏడేళ్ళ సగటు దిగుబడులు 30, 32, 14, 31, 28, 33, 29 బస్తాలు అనుకుందాము. ఏడేళ్ళ సగటు 28.14. మంచి ఐదేళ్ళ సగటు 31. తుపాను వచ్చిన సంవత్సరపు 14 బస్తాలు లెక్కలో చేరి హామీ దిగుబడిని తగ్గించకుండా ఈ నియమము కాపాడుతుంది. నిర్ణయించిన శాతము 80 అయితే హామీ దిగుబడి 24.8 బస్తాలు. ఈ ఏటి సగటు 18.6 అయితే లోటు 6.2 బస్తాలు, అనగా హామీ దిగుబడిలో 25 శాతము. బీమా చేసిన మొత్తములో నాలుగవ వంతు పరిహారము వస్తుంది.

ఇప్పుడు పైన చెప్పిన రెండవ గ్రామమును గుర్తు చేసుకోవాలి. అక్కడ సగటు 30. హామీ దిగుబడి 24.8 అయితే ప్రాంతపు సగటు ప్రకారము ఎవరికీ పరిహారము రాదు, ఆరు బస్తాలు వచ్చిన రైతుకు కూడా రాదు. కొన్ని స్థానిక విపత్తుల విషయములో పొలాలవారీగా నష్టము అంచనా వేసే నిబంధనలు ఉన్నవి గాని, ప్రధానమైన లెక్క ప్రాంతపు సగటుదే. ఇక్కడ కూడికలో గాని భాగహారములో గాని తప్పు లేదు. గ్రామమంతటికీ ఒకే సంఖ్య ప్రతినిధి అయినప్పుడు, ఆ సంఖ్యకు దూరముగా ఉన్నవారు కనబడకుండా పోతారు. ప్రాంతము ఎంత చిన్నదైతే సగటు అంత నిజానికి దగ్గరవుతుంది. కాని అప్పుడు పంట కోత ప్రయోగాలు ఎక్కువ చేయవలసి ఉంటుంది, ఖర్చు పెరుగుతుంది.

గరిష్ఠ విలువల ప్రాధాన్యము

కొన్ని సందర్భాలలో సగటు కంటే గరిష్ఠ విలువ ముఖ్యము. కృష్ణానది ఏడాదిలో చాలా రోజులు ప్రకాశం బ్యారేజి దిగువన సన్నగా ప్రవహిస్తుంది. అయినా 2024 సెప్టెంబరు 2న బ్యారేజి వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. 2009 అక్టోబరులో కూడా సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆ సమయాలలో రేపల్లె పరిసరాలలోని లంక గ్రామాలు ముంపునకు గురి అయినవి. కరకట్ట ఎత్తును ఏడాది సగటు ప్రవాహాన్ని బట్టి నిర్ణయిస్తే అది ఏ వరదకూ ఆగదు. తుపానుల విషయము కూడా ఇంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపములో తీరము దాటినది. సంవత్సరపు సగటు గాలి వేగము ఆ ఒక్క రోజు సంగతి చెప్పదు.

బాపట్ల వరి పరిశోధన

సాంఖ్యక శాస్త్రము వ్యవసాయానికి ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకోవడానికి బాపట్ల మంచి ఉదాహరణ. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడినది. బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 అనే వరి వంగడము 1986లో విడుదలై, సాంబ మసూరి పేరుతో ప్రసిద్ధి చెందినది. బీపీటీ అనే అక్షరాలు బాపట్లను సూచిస్తాయి.

ఒక కొత్త వంగడము పాతదాని కంటే ఎక్కువ పండుతుందని ఎలా చెప్పగలము? కొత్తదానిని సారవంతమైన మడిలోను, పాతదానిని చవిటి మడిలోను వేస్తే దిగుబడి తేడా వంగడానిదో నేలదో తెలియదు. ఈ సమస్యకు ఇంగ్లండులోని రోతంస్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రములో 1919 నుండి పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ పరిష్కారము చూపారు. ఆయన 1935లో ప్రయోగ రూపకల్పన మీద ప్రసిద్ధ గ్రంథమును వెలువరించారు. ఆ పద్ధతిలో మూడు నియమాలు గలవు.

* పునరావృతి: ఒక్కొక్క వంగడాన్ని ఒకే మడిలో కాక అనేక మడులలో వేయాలి.
* యాదృచ్ఛికత: ఏ మడిలో ఏ వంగడము వేయాలో చీటీల పద్ధతిలో నిర్ణయించాలి.
* స్థానిక నియంత్రణ: నేల స్వభావము ఒకే విధముగా ఉన్న మడులను ఒక సమూహముగా చేసి, ప్రతి సమూహములోనూ అన్ని వంగడాలను పోల్చాలి.

ఒకే వంగడాన్ని వేసిన మడుల మధ్య సహజముగా వచ్చే తేడాల కంటే, రెండు వంగడాల సగటుల మధ్య తేడా తగినంత పెద్దదిగా ఉంటేనే కొత్త వంగడము మేలైనదని నిర్ణయిస్తారు. ఇక్కడ కూడా సగటుతో పాటు విస్తరణ చూడక తప్పదు.

రేఖాచిత్రాలు

కమ్మీ చిత్రము: ఒకే వెడల్పు గల కమ్మీల ఎత్తులతో విలువలను చూపుతుంది. కమ్మీల మధ్య ఖాళీ ఉంటుంది.

సోపాన చిత్రము: తరగతుల పౌనఃపున్యాలను ఖాళీ లేకుండా పక్కపక్కన దీర్ఘచతురస్రాలతో చూపుతుంది.

ఓజివ్ వక్రము: సంచిత పౌనఃపున్యాలను బిందువులుగా గుర్తించి కలిపితే వస్తుంది. దీని నుండి మధ్యగతాన్ని చూసి చెప్పవచ్చు.

వృత్తరేఖా చిత్రము: మొత్తాన్ని 360 డిగ్రీల వృత్తముగా తీసుకుని భాగాలను చూపుతుంది. మూడు పట్టణాల మొత్తము జనాభాలో తెనాలికి 207.2 డిగ్రీలు, బాపట్లకు 88.9 డిగ్రీలు, రేపల్లెకు 63.9 డిగ్రీలు వస్తాయి.

చిత్రము నిజమైన అంకెలతోనే తప్పు అభిప్రాయము కలిగించవచ్చు. తెనాలి జనాభా రేపల్లె జనాభాకు 3.24 రెట్లు. కమ్మీ చిత్రములో నిలువు అక్షాన్ని సున్నా నుండి కాక 40,000 నుండి మొదలుపెడితే తెనాలి కమ్మీ రేపల్లె కమ్మీకి పదకొండున్నర రెట్లు ఎత్తుగా కనిపిస్తుంది. వార్తాపత్రికలలో కమ్మీ చిత్రాలను చూసేటప్పుడు అక్షము ఎక్కడ మొదలైనదో ముందుగా చూడాలి.

తరచు జరిగే పొరపాట్లు

* సహసంబంధాన్ని కారణముగా భావించడము. వేసవిలో తెనాలి మార్కెట్టులో నిమ్మకాయల ధర, ఇళ్ళలో విద్యుత్తు వాడకము రెండూ పెరుగుతాయి. ఒకదాని వలన రెండవది పెరగలేదు, రెండింటికీ కారణము ఎండ.
* శాతానికి, శాతపు పాయింట్లకు తేడా చూడకపోవడము. ఉత్తీర్ణత 40 శాతము నుండి 50 శాతానికి పెరిగితే అది 10 పాయింట్ల పెరుగుదల, కాని మొదటిదానితో పోలిస్తే 25 శాతము పెరుగుదల.
* హారము తప్పుగా తీసుకోవడము. జనగణనలో అక్షరాస్యతను ఏడేళ్ళు, అంతకు పైబడిన వారిలో లెక్కిస్తారు. 2011లో తెనాలిలో అక్షరాస్యులు 1,25,041 మంది. ఆరేళ్ళ లోపు పిల్లలు 13,833 మందిని తీసివేసి లెక్కిస్తే అక్షరాస్యత 82.75 శాతము. పిల్లలను కూడా కలిపి భాగిస్తే 75.81 శాతమే వస్తుంది. చంటి పిల్లలను నిరక్షరాస్యులుగా లెక్కించడము న్యాయము కాదు.

తెలుగువారి కృషి

ప్రపంచ ప్రసిద్ధి చెందిన సాంఖ్యక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు తెలుగువారు. సి.ఆర్.రావుగా ప్రసిద్ధులు. 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో జన్మించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము, కలకత్తా విశ్వవిద్యాలయములో సాంఖ్యక శాస్త్రము చదివారు. భారతీయ సాంఖ్యక సంస్థలో నలభై ఏళ్ళ పాటు పనిచేశారు. 1945లో ప్రచురించిన పరిశోధనా వ్యాసములో, నమూనా ఆధారముగా వేసే అంచనా ఎంత కచ్చితముగా ఉండగలదో, దాని హద్దు ఏమిటో నిరూపించారు. దీనిని క్రామర్-రావు అసమానత అంటారు. 2001లో పద్మ విభూషణ్, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారము పొందారు. 2023 ఆగస్టులో అమెరికాలో మరణించారు.

విద్యార్థులకు కృత్యము

తరగతిలోని ప్రతి విద్యార్థి ఇంటి నుండి బడికి చేరడానికి పట్టే సమయాన్ని నిమిషాలలో సేకరించండి. సగటు, మధ్యగతము, వ్యాప్తి, ప్రామాణిక విచలనము కట్టండి. సగటు కంటే ఎక్కువ సమయము పట్టేవారు ఎందరో లెక్కించండి. తరువాత అందరికంటే దూరము నుండి వచ్చే ఒక్కరి విలువను తీసివేసి సగటు, మధ్యగతము మళ్ళీ కట్టి, ఏది ఎక్కువ మారినదో చూడండి. చివరగా, బడి గంట వేళను మార్చాలంటే ఈ సంఖ్యలలో దేనిని చూడాలో, ఎందుకో చర్చించండి.

ఇవి కూడా చూడండి

* సంభావ్యత
* భారత జనగణన
* మహలనోబిస్
* సి.ఆర్.రావు
* తెనాలి
* బాపట్ల
* రేపల్లె